ముందు రెండు కళ్లూ చూడండి

పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే సాయంత్రం ఆరు దాటాక కూకట్‌పల్లిలో గుర్రాలు కనిపిస్తాయి. వై జంక్షన్ దగ్గర, కేపీహెచ్‌బీ కాలనీ ఫంక్షన్‌ హాళ్ల ముందు, నిజాంపేట రోడ్డు మలుపుల్లో. తెల్లగుర్రం, వీపు మీద జరీగుడ్డ, నుదుటి మీద కుచ్చులు, వెనకాల డీజే బండి. వందమంది ఫోన్లు ఎత్తి పెళ్లికొడుకును వీడియో తీస్తారు. గుర్రం ఎడమ కన్ను సగం మూసుకుని ఉందా, నీరు కారుతోందా అని చూసేవాళ్లు ఆ గుంపులో ఒక్కరున్నా గొప్పే.

ఆ ఒక్కరు మీరు కావాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఏ గోడ చూసినా కోర్సుల బోర్డులే. మాట్లాడే నేర్పు, నాయకత్వం, ఇంటర్వ్యూ ధైర్యం అన్నీ నేర్పుతారు. మంచిదే. కానీ వీటన్నిటి కిందా ఉండాల్సిన పునాది గమనింపు. ఎదుటి ప్రాణికి ఏం జరుగుతోందో చెప్పకముందే తెలుసుకోగలిగినవాడే మంచి టీమ్ లీడ్ అవుతాడు, మంచి భర్త అవుతాడు, మంచి కొడుకవుతాడు. ఆ విద్యకు గుర్రం కంటే గట్టి గురువు నాకు తెలియదు. గుర్రం పులులకూ తోడేళ్లకూ ఆహారమైన జాతి. బాధను బయటపెట్టినది ముందు చచ్చిపోయింది కాబట్టి బాధను దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. అది మూలగదు, ఫిర్యాదు చేయదు. మీరే చూసి పట్టుకోవాలి.

ఎక్కడ చూడాలి అంటారా? కూకట్‌పల్లి మెట్రో స్టేషన్లో ఎక్కితే రైలు మారకుండా మలక్‌పేటలో దిగవచ్చు. అక్కడి రేస్‌కోర్సుకు 1886 నుంచి చరిత్ర ఉంది. అంతకుముందు పందేలు మౌలాలీలో జరిగేవి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. నగరం శివార్లలో స్వారీ నేర్పే క్లబ్బులూ ఉన్నాయి. హైటెక్ సిటీలో వారమంతా తెర ముందు కూర్చునే కుర్రాళ్లు ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్తున్నారు. వెళ్లండి. కానీ జీను మీదికి ఎక్కే ముందు రెండు నిమిషాలు కళ్ల దగ్గర ఆగండి.

దాని చూపుతో చూడండి

నేల మీద తిరిగే జంతువుల్లో అతి పెద్ద కళ్లున్న వాటిలో గుర్రం ఒకటి. మన కనుగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లుంటే, దానిది 40 దాటుతుంది. ఆ కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: నుదుటికి, ముక్కుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కాస్త జాగా, తోక వెనకాల. మనవాళ్లు ముద్దుగా చెయ్యి చాచేదీ, తెలియక నడిచి వచ్చేదీ సరిగ్గా ఆ రెండు చోట్ల నుంచే. అందుకే భుజం వైపు నుంచి రండి, వస్తూ ఏదో ఒకటి మాట్లాడండి, ముందు మెడ మీద చెయ్యి వేయండి. మీ రాక దానికి తెలియాలి.

రంగుల సంగతీ అంతే. గుర్రానికి నీలం, పసుపు తేడా తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ కలగాపులగంగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో గుర్రాలు దూకే రేసుల కంచెలకు ఏళ్ల తరబడి నారింజ రంగు వేశారు. అది మనుషులకు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు. గుర్రానికి పచ్చగడ్డిలో ఆ రంగు కలిసిపోతుందని పరిశోధకులు తేల్చాక మెరిసే తెలుపుకు మారారు. ఆ కంచె దూకాల్సింది గుర్రం. రంగు ఎంచినవాళ్లు తమ కళ్లతో ఎంచారు. మీ ఆఫీసులో మీరు రాసిన మెయిల్, మీరు గీసిన స్లైడు, మీరు పెట్టిన గడువు ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తాయో ఒకసారి అడిగి చూడండి. అడగడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

ఇంకో మాట. ఎండలోంచి చీకటి గదిలోకి వెళితే మన కళ్లు కాసేపటికి సర్దుకుంటాయి. గుర్రానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటంతో మసక వెలుతురులో అది మనకంటే బాగా చూస్తుంది, కానీ వెలుగు ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. వ్యాను తలుపు దగ్గర, చీకటి లాయం గడప దగ్గర గుర్రం మొరాయిస్తే ‘మొండిది’ అంటారు, కర్ర తీస్తారు. కొట్టకండి, నిలబడనివ్వండి. లోపల దీపం వేయండి. మనుషుల మీద ‘మొండివాడు’ అనే ముద్ర వేసే ముందు కూడా, వాడు నిలబడ్డ గడప నుంచి లోపలికి ఏం కనిపిస్తోందో చూడమని నా సలహా.

మలక్‌పేట పందేల్లో కొన్ని గుర్రాల కళ్లకు పక్కలు కనిపించకుండా గంతలు కడతారు. వేదికల మీద కొందరు వక్తలు దీన్నే ఆదర్శంగా చెబుతుంటారు: గంతలు కట్టుకుని లక్ష్యం వైపే చూడండి అని. నేను ఒప్పుకోను. ఆ గంతలు ఒకటి రెండు నిమిషాల పరుగుకు కట్టేవి. పరుగు కాగానే విప్పేస్తారు. 350 డిగ్రీల చూపున్న ప్రాణిని రోజంతా గంతల్లో ఉంచితే అది బెదిరిపోతుంది. పరీక్ష ముందు నెల రోజులు గంతలు కట్టుకోండి, తప్పులేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం గంతలతో చేయకండి.

మామూలు ఎలా ఉంటుందో ముందు తెలియాలి

జబ్బు పట్టుకోవాలంటే జబ్బుల జాబితా బట్టీపట్టనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఎలా ఉంటుందో మనసులో ముద్ర పడాలి. పొద్దున దాణా పెట్టే ముందు, వెలుతురులో, గుర్రానికి కొంచెం దూరంగా ఎదురుగా నిలబడి రెండు కళ్లూ ఒకేసారి చూడండి. రెండూ సమానంగా తెరుచుకున్నాయా? నల్లగుడ్డు మీద పొర తేటగా, తడిగా మెరుస్తోందా? కనుపాప అడ్డంగా కోలగా ఉండాలి. అది గుర్రానికి మామూలే. కనుపాప పై అంచున నల్లటి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటిని గడ్డలనుకుని హడలిపోతారు. అవి ఎండ నుంచి కంటికి నీడనిచ్చే సహజమైన అమరిక.

ఇక గుర్రాలను చూసుకునే అనుభవమున్న సాయీసులు మొదట చూసేది రెప్పవెంట్రుకల్ని. పై రెప్ప వెంట్రుకలు మామూలుగా కంటికి అడ్డంగా, బయటికి నిలబడి ఉంటాయి. కంట్లో నొప్పి మొదలైతే రెప్ప వాలుతుంది, వెంట్రుకలు నేలవైపు తిరుగుతాయి. కన్ను ఎర్రబడక ముందే, పుసి కట్టక ముందే ఈ గుర్తు కనిపిస్తుంది. ఒక కంటి వెంట్రుకలు బయటికీ రెండో కంటివి కిందికీ ఉన్నాయంటే ఆ రోజు స్వారీ మానేసి డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఈ వెంట్రుకల కోణం నాకు చాలా ఇష్టమైన పాఠం. మన ఇళ్లల్లోనూ పెద్ద గుర్తుల కోసమే కాచుకుని ఉంటాం. కాకినాడలోనో ఖమ్మంలోనో ఉన్న అమ్మ ఫోన్‌లో మామూలుగా ఎంతసేపు మాట్లాడుతుందో తెలిసినవాడికే, ఈ వారం రెండు ముక్కల్లో ఫోన్ పెట్టేసిందని అర్థమవుతుంది. రోజూ వాదించే సహోద్యోగి మీటింగులో మూడు రోజులుగా నోరు విప్పలేదంటే అదీ గుర్తే. మామూలు తెలియనివాడికి తేడా తెలియదు.

చూడటం అయ్యాక శుభ్రం చేయడం. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో లోపలి మూల నుంచి బయటికి మెల్లగా తుడవండి. ఒక కంటికి వాడిన గుడ్డ రెండో కంటికి వద్దు. అంతే. తేనె, పసుపు, ఉల్లిరసం, మనకెప్పుడో రాసిచ్చిన చుక్కల మందు ఏవీ కంట్లో పడకూడదు. పశుగ్రాసం దుమ్ము కొడుతుంటే నీళ్లు చిలకరించండి, గడ్డి వలను కంటి ఎత్తులో వేలాడదీయకండి, లాయం గోడల్లో మేకులు, తీగ ముక్కలు పీకేయండి. మూత్రంతో తడిసిన పరుపు రోజూ తీయకపోతే వచ్చే ఘాటు ముందు కళ్లనే మండిస్తుంది. ఎండుగడ్డి, తవుడు మీదే నెట్టుకొస్తే ఎ విటమిన్ తగ్గి రేచీకటి వస్తుంది కాబట్టి పచ్చిమేత తప్పనిసరి. ఈగల కాలంలో కళ్లకు వలతొడుగు కట్టండి, రోజూ విప్పి లోపల చూడండి.

నీలికళ్ల గుర్రం

గుర్రాల్లో ఎక్కువ వాటికి గోధుమరంగు కళ్లే. కొన్నిటికి నీలికళ్లు. లేత మీగడ రంగు గుర్రాలకు, ముఖం మీద తెలుపు బాగా పరుచుకున్న వాటికి ఇవి పుట్టుకతో వస్తాయి. కొన్నిటికి ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ. కొన్ని రంగుల పిల్లలు నీలికళ్లతో పుట్టి, పెరిగేకొద్దీ తేనెరంగుకు మారతాయి. మన సంప్రదాయంలో గుర్రాన్ని లక్షణాలు చూసి కొనడం పాతదే. ముఖమూ నాలుగు కాళ్లూ తెల్లగా ఉన్న పంచకల్యాణి మన కథల్లో రాజకుమారుల వాహనం. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమని ఏకంగా ఒక అశ్వశాస్త్రమే రాశాడు. ఆ శ్రద్ధకు నేను దండం పెడతాను. రంగును బట్టి శుభాశుభాలు తేల్చడం దగ్గర మాత్రం ఆగిపోతాను.

నీలికన్ను చూపులో తక్కువది కాదు. అసలు జాగ్రత్త పడాల్సింది కంటి చుట్టూ చర్మం గులాబీ రంగులో ఉన్నప్పుడు. బరాత్‌కు ఇష్టపడి తెచ్చే తెల్లగుర్రాల్లో చాలావాటికి చర్మమే గులాబీ రంగు. ఆ రెప్పల్లో ఎండను ఆపే నల్లదనం ఉండదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే రెప్పల మీద, మూడో రెప్ప మీద క్యాన్సర్ పుండ్లు రావచ్చు. మానని చిన్న పొక్కు, గరుకుగా పెరిగే ఎర్రటి కండ కనిపిస్తే ఆలస్యం వద్దు. మధ్యాహ్నం నీడ, ఎండను ఆపే వలతొడుగు దానికి అలంకారం కంటే ముందు కావాలి. ఒంటి మీద చుక్కలున్న కొన్ని విదేశీ జాతుల్లో ఆ చుక్కల జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే పుట్టుకతో రేచీకటి ఉంటుంది. అలాంటి గుర్రం సాయంత్రం బెదిరితే దాని స్వభావాన్ని తిట్టకూడదు. మనుషుల్నీ పైరంగు, ఊరు, యాస చూసి అంచనా కట్టే అలవాటు మీకుంటే, కంటి రంగు దగ్గరే దాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టండి.

రేపు చూద్దాం అనకండి

గుర్రం కంటి మీది పారదర్శకమైన పొరకు గడ్డిపరక గీసుకున్నా పుండు పడుతుంది. మన వేడిలో, తేమలో ఆ పుండులోకి బ్యాక్టీరియాతో పాటు బూజు కూడా చేరుతుంది. ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే ఆ పొర కరిగిపోయి కన్ను పోతుంది. ఇక్కడే మన పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్రగా ఉంది కదా అని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేస్తారు. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు చెలరేగుతుంది. పశువైద్యులు ముందు కంట్లో రంగుమందు చుక్క వేసి చూస్తారు. గాయం ఉన్నచోట అది ఆకుపచ్చగా మెరుస్తుంది. గాయం లేదని తేలాకే స్టెరాయిడ్ మాట. ఈ క్రమం తిప్పితే కన్ను దక్కదు. నిదానం వేరు, నిర్లక్ష్యం వేరు. తొందర వేరు, తెగింపు వేరు. డాక్టరును పిలవడంలో తొందరపడండి, మందు వేయడంలో ఆగండి.

ఆ తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. కంటి మందు రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్లు కూడా, కొన్నిసార్లు వారాల తరబడి వేయాలి. తెల్లవారుజామున ప్రొడక్షన్ సపోర్ట్ కాల్‌కు లేచే మన ఐటీ ఉద్యోగికి ఈ క్రమశిక్షణ వివరించనక్కర్లేదు. పేరు లేని సాయీసు ఒకడు లాంతరు పట్టుకుని లేచి గుర్రం తల నిమురుతూ మందు వేస్తాడే, అది నాయకత్వం. ఆ పనికి తగిన జీతం, నిద్ర అతనికి దక్కేలా చూడటం యజమాని వ్యక్తిత్వం.

మన దేశంలో పశువైద్యులు తరచూ చూసే ఇంకో వింత ఉంది. కంటి ముందు గదిలోని నీటిలో తెల్లటి దారం లాంటి పురుగు ఈదుతూ కనిపిస్తుంది. కంట్లో పాము అంటారు. అది నిజానికి ఆవులు, గేదెల కడుపులో ఉండే సెటేరియా అనే పురుగు. దాని పిల్లల్ని దోమలు మోసుకొచ్చి గుర్రంలోకి ఎక్కిస్తాయి. దారి తప్పిన పురుగు కంటికి చేరుతుంది. వదిలేస్తే పొర తెల్లబడి చూపు పోతుంది, చిన్న శస్త్రచికిత్సతో తీసేయవచ్చు. లాయం పక్కన గేదెల పాక, ఆ పక్కన నిలిచిన మురుగు ఉన్నచోట ఇది ఆశ్చర్యం కాదు. కూకట్‌పల్లి నాలా దోమలను తిట్టుకునే మనకు ఈ గొలుసు వెంటనే అర్థం కావాలి. కంటి జబ్బుకు మూలం కంటి దగ్గర లేదు, వీధి చివర గుంటలో ఉంది.

మరొక జబ్బు కంటి లోపల మాటిమాటికీ తిరగబెట్టే వాపు. చంద్రుడి కళల్ని బట్టి వస్తుందని ఒకప్పుడు నమ్మి పాశ్చాత్యులు దానికి చంద్రుడి పేరే పెట్టారు. ప్రపంచంలో గుర్రాలకు గుడ్డితనం తెచ్చే కారణాల్లో మొదటిది ఇదే. ఎలుకల మూత్రంతో పాడైన నీళ్ల ద్వారా వచ్చే లెప్టోస్పైరా క్రిమికి దీనితో దగ్గర సంబంధం ఉంది. నీళ్ల తొట్టి కడగడం, దాణా మూతపెట్టడం అంత పెద్ద పనులన్నమాట. ఈ వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంత చూపు తీసుకుపోతుంది. ‘నయమైంది’ అని చూడటం మానేస్తే మోసపోతాం.

కొనడం తేలిక

దక్షిణాది రాజ్యాలు గుర్రాలను కొన్నంతగా చాలా దేశాలు కొనలేదేమో. 1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని చెప్పాడు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు మన తూర్పుతీరం చూసిన మార్కోపోలో, తమిళ తీరపు రాజులు వేల గుర్రాలు తెప్పించుకున్నా ఏడాది తిరిగేసరికి కొద్దిపాటే మిగులుతాయని, చూసుకోవడం తెలిసినవాళ్లు లేకపోవడమే కారణమని రాశాడు. ఓడల నిండా బంగారం పోసి కొన్నారు. పొద్దున్నే కళ్లలోకి చూసే మనిషిని పెట్టుకోలేకపోయారు. జిమ్ సభ్యత్వం, ఆన్‌లైన్ కోర్సు, కుక్కపిల్ల, కొత్త కారు, ఏది కొన్నా ఇదే ప్రశ్న వేసుకోండి: రేపు పొద్దున్న దీనికి రెండు నిమిషాలు ఎవరిస్తారు?

గుర్రం కొనలేని మనకూ, ఈ నగరంలో గుర్రం పట్ల ఒక బాధ్యత తప్పకుండా ఎదురవుతుంది. తమ్ముడి పెళ్లో, స్నేహితుడి పెళ్లో వస్తుంది. బరాత్‌కు గుర్రం మాట్లాడేటప్పుడు మీరే ముందుకు రండి. పగటి వెలుతురులో వెళ్లి చూసి రండి. కన్ను సగం మూసినా, నీరు కారుతున్నా, నల్లగుడ్డు మీద తెల్లపువ్వు కనిపించినా ఆ గుర్రం వద్దని చెప్పండి. యజమానితో తగవు పెట్టుకోవద్దు. ‘భాయ్, దీనికి కన్ను నొప్పిగా ఉంది, ముందు డాక్టరుకు చూపించండి’ అంటే చాలు. నుదుటి కుచ్చులు కళ్ల మీద రాసుకోకుండా పైకి కట్టించండి. డీజే లైటు, టపాసులు, రంగుపొగ గుర్రం ముఖం వైపు లేకుండా చూడండి. ఫోన్ ఫ్లాష్ కంట్లో కొట్టొద్దని పిల్లలకు చెప్పండి, వాళ్లు మనకంటే త్వరగా వింటారు. గంటకోసారి నీళ్లు పెట్టించండి. ఇవన్నీ చేయించే మనిషిని ఆ పెళ్లిలో అందరూ గుర్తుంచుకోకపోవచ్చు. సాయీసు గుర్తుంచుకుంటాడు.

పశువైద్య సహాయానికి తెలంగాణలో 1962 నంబరు ఉంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండూ ఇప్పుడే ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఈ సీజన్లో మీ వీధిలోకి వచ్చే మొదటి గుర్రాన్ని ఫొటో తీసే ముందు, దాని రెండు కళ్లూ చూడండి.